ఇంటి ముందు షుగర్ మేపుల్ ఉందా? ఆకుల కంటే ముందు మొదలు చూసుకోండి

అక్టోబర్ వచ్చిందంటే అమెరికా ఈశాన్యంలో, ఒంటారియోలో ఉండే మనవాళ్ళ ఫోన్ల నిండా ఎర్రటి ఆకుల ఫోటోలే. దసరా, బతుకమ్మ హడావుడి ఒకపక్క, వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ కొండలకి ఫాల్ కలర్స్ ప్రయాణాలు ఇంకోపక్క. పసుపు, నారింజ, ఎరుపు మూడూ ఒకే చెట్టు మీద కలిసి వెలుగుతూ కనిపించాయంటే అది చాలావరకు షుగర్ మేపులే అయి ఉంటుంది. న్యూయార్క్, వెర్మాంట్, విస్కాన్సిన్, వెస్ట్ వర్జీనియా, ఈ నాలుగు రాష్ట్రాలకీ ఇదే రాష్ట్ర వృక్షం. అడవిలో 300 ఏళ్ళు దాటి బతకగలదు. రోడ్ల పక్కన, ఇళ్ళ మధ్య పెరిగే చెట్లకి మాత్రం ఆ ఆయుష్షు దక్కడం అరుదు.

దానికి కారణం చాలాసార్లు పైన కొమ్మల్లో దొరకదు, కింద మట్టిలో దొరుకుతుంది. మనం చల్లే ఉప్పు, మనం ఊడ్చి పారేసే ఆకులు, మొదలు చుట్టూ గుట్టగా పోసే చెక్కపొట్టు, అంటే మల్చ్, వేళ్ళ మీద ఆపే కారు. ఇవన్నీ ఇంట్లో వాళ్ళం మార్చుకోగలిగినవే. పెద్ద ఖర్చేమీ లేదు. పిల్లలు, పెద్దలు, ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చే అమ్మమ్మ, తాతయ్యలు అందరూ తలో చెయ్యి వేయదగ్గ పనులు. ఏడాది పొడుగునా ఏం చేయాలో వరసగా చెప్తాను.

1. ముందు అది షుగర్ మేపులేనా తేల్చుకోండి

ఇళ్ళ దగ్గర పెరిగే మేపుల్స్‌లో చాలా రకాలున్నాయి. ఎక్కువమంది పొరబడేది నార్వే మేపుల్ దగ్గర, ఎందుకంటే దాని ఆకు అచ్చం షుగర్ మేపుల్ ఆకులాగే ఉంటుంది. ఇది యూరప్ నుంచి తెచ్చి నాటిన చెట్టు. అడవుల్లోకి పాకిపోయి స్థానిక చెట్లని అణిచేస్తోందని మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో అమ్మకాన్ని నిషేధించారు. వేసవంతా ముదురు ఊదా ఆకులతో కనిపించే క్రిమ్సన్ కింగ్ కూడా నార్వే మేపులే.

రెండింటికీ తేడా చూడటం పిల్లలకి అప్పగించండి. వేసవిలో పచ్చటి ఆకునొకదాన్ని కాడతో సహా కోయించి, కాడని మధ్యకి తుంచమనండి. విరిచిన చోట తెల్లటి పాలు ఊరితే నార్వే. నీళ్ళలా పారదర్శకంగా ఉంటే షుగర్ మేపుల్ అయ్యే అవకాశం ఉంది. ఫాల్ చివర్లో ఎండుతున్న ఆకులతో ఈ పరీక్ష సరిగ్గా తేలదు.

తర్వాత ఆకు అంచు చూడండి. షుగర్ మేపుల్ ఆకుకి సాధారణంగా ఐదు తమ్మెలు ఉంటాయి. రెండు తమ్మెల మధ్య లోతు గుండ్రంగా ఉంటుంది, అంచు నున్నగా ఉండి అక్కడక్కడా మాత్రమే మొనలు తేలుతుంది. రెడ్ మేపుల్‌కి అంచంతా రంపం పళ్ళలా ఉండి, తమ్మెల మధ్య కోసుగా ఉంటుంది. సిల్వర్ మేపుల్ ఆకు బాగా లోతుగా చీలి, తిరగేస్తే వెండిలా తెల్లగా కనిపిస్తుంది.

చలికాలంలో ఆకులుండవు కాబట్టి మొగ్గలు చూడాలి. షుగర్ మేపుల్ మొగ్గ గోధుమరంగులో, పెన్సిల్ ములుకులా సన్నగా చెక్కినట్టు ఉంటుంది. నార్వే మొగ్గ బొద్దుగా, మొన మొద్దుగా ఉంటుంది. ఏ మేపుల్ అయినా కొమ్మలు, మొగ్గలు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి. ఒకటి ఇటు, ఒకటి అటు మార్చి మార్చి వస్తే అది మేపులే కాదు.

2. కొలిచి రాసిపెట్టుకోండి

బట్టలు కుట్టేటప్పుడు వాడే టేపు చాలు. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో మాను చుట్టుకొలత తీసుకోండి. దాన్ని 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. అంగుళాల్లో వచ్చిన ఆ వ్యాసాన్ని 5తో గుణిస్తే అడవిలో పెరిగిన షుగర్ మేపుల్‌కి సుమారు వయసు తెలుస్తుంది. చుట్టుకొలత 63 అంగుళాలైతే వ్యాసం 20, వయసు దాదాపు 100 ఏళ్ళు. ఎండ, చోటు బాగా దొరికిన పెరటి చెట్టు ఇంకొంచెం త్వరగా లావెక్కుతుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా పిల్లల చేత చేయించండి. ఆ చెట్టు మొలిచినప్పుడు ముత్తాత పుట్టాడా లేదా అన్న ప్రశ్న వాళ్ళంతట వాళ్ళే అడుగుతారు.

ప్రతి ఏడూ ఒకే నెలలో కొలిచి, పక్కనే ఒక ఫోటో అంటించి పెట్టుకోండి. పై కొమ్మలు పల్చబడుతున్నాయా అన్నది రోజూ చూసే కళ్ళకి తెలియదు. మూడేళ్ళ ఫోటోలు పక్కపక్కన పెడితే ఇట్టే తెలుస్తుంది.

3. మొదలు దగ్గర కూర్చుని చూడండి

మాను నేలని తాకే చోట గంట ఆకారంలో వెడల్పై, వేళ్ళు నాలుగు వైపులకీ చీలుతూ కనిపించాలి. కరెంటు స్తంభం పాతినట్టు మాను నిటారుగా నేలలోకి దిగిపోయిందంటే, నాటినప్పుడే లోతుగా పూడ్చారన్నమాట, లేదంటే తర్వాత మట్టో మల్చో పోశారన్నమాట.

ల్యాండ్‌స్కేపింగ్ వాళ్ళు చెట్టు చుట్టూ కొండలా మల్చ్ పోసి, నున్నగా సర్ది, ఎంతో అందంగా చేశామనుకుని వెళ్ళిపోతారు. ఊళ్ళో ప్రతి ఇంటి ముందూ అలాగే ఉంటుంది కాబట్టి అదే పద్ధతనుకుంటాం. కానీ మాను బెరడు వేరు బెరడులాంటిది కాదు, ఎప్పుడూ తడిగా ఉంటే తట్టుకోలేదు. మెత్తబడుతుంది, బూజు చేరుతుంది, చలికాలంలో ఆ గుట్టలో ఎలుకలు దూరి బెరడు కొరుకుతాయి. పైగా ఆ మల్చ్‌లోకి చిన్న వేళ్ళు పాకి, మాను చుట్టూ తిరిగి, ఏళ్ళు గడిచేకొద్దీ లావై చెట్టు గొంతు నులుముతాయి.

ఈ వారాంతం చేయగలిగిన పని ఇది. పార పక్కన పెట్టి, చేత్తో, చిన్న తోట పనిముట్టుతో మాను చుట్టూ ఉన్న మల్చ్‌ని మెల్లగా వెనక్కి లాగండి. వేళ్ళు విచ్చుకునే చోటు కనిపించేదాకా తీయండి. మానుకీ మల్చ్‌కీ మధ్య మూడు నాలుగు అంగుళాలు ఖాళీ ఉండాలి. మందం రెండు మూడు అంగుళాలు చాలు, వెడల్పు మాత్రం ఎంత ఉంటే అంత మంచిది. మానుని చుట్టేసి బిగిస్తున్న వేరు కనిపిస్తే, సన్నదైతే కత్తిరించవచ్చు. చెయ్యంత లావుదైతే మీరు ముట్టుకోకండి, చెట్ల సంరక్షణ నిపుణుడైన ఆర్బరిస్ట్‌ని పిలవండి.

వెడల్పుగా మల్చ్ పరిస్తే ఇంకో లాభం ఉంది. లాన్ మోయర్, ముఖ్యంగా గడ్డి కోసే నైలాన్ తీగ మిషన్, మాను దగ్గరికి రావాల్సిన పని ఉండదు. బెరడు కిందనే ఉంటుంది చెట్టుకి ప్రాణం పోసే పల్చటి పొర. తీగ దెబ్బ వారం వారం ఒకే చోట తగిలితే అక్కడ బెరడు లేచిపోతుంది, చుట్టూతా లేచిపోతే చెట్టు చచ్చిపోతుంది.

వేళ్ళ గురించి ఒక్క మాట. చెట్టు ఎంత ఎత్తుంటే వేళ్ళు అంత లోతుకి దిగుతాయని అనుకుంటాం. నిజానికి షుగర్ మేపుల్ వేళ్ళలో ఎక్కువ భాగం పై అడుగున్నర మట్టిలోనే ఉండి, కొమ్మల అంచు దాటి చాలా దూరం పాకుతాయి. అందుకే పుట్టినరోజు పార్టీకి వచ్చిన కార్లని గడ్డి మీద, చెట్టు కింద ఆపనివ్వకండి. లాన్ చదును చేయాలని కొత్త మట్టి పోయించకండి, నాలుగు అంగుళాల మట్టి కూడా కింద వేళ్ళకి గాలి ఆపేస్తుంది. పిల్లలకి ఉయ్యాల కడితే తాడుని కొమ్మకి చుట్టి ఏళ్ళ తరబడి వదిలేయకండి. దీపావళికి చుట్టిన లైట్ల వైరు పండగ అయ్యాక విప్పేయండి.

4. రాలిన ఆకులు చెట్టువే

ఫాల్‌లో బ్లోయర్‌తో ఆకులన్నీ ఊది, గోనె సంచుల్లో నింపి, కర్బ్ దగ్గర పెట్టేస్తాం. ఆ సంచుల్లో పోతున్నది చెట్టు ఏడాదంతా మట్టిలోంచి లాక్కున్న కాల్షియం, మెగ్నీషియం. షుగర్ మేపుల్‌కి కాల్షియం అవసరం చాలా ఎక్కువ. ఇరవయ్యో శతాబ్దంలో కురిసిన ఆమ్ల వర్షాలు ఈశాన్యపు అడవుల్లో మట్టిలోని కాల్షియాన్ని కడిగేశాయి. న్యూ హాంప్‌షైర్‌లో హబ్బర్డ్ బ్రూక్ అనే పరిశోధన అడవిలో 1999లో ఒక చిన్న పరీవాహక ప్రాంతం మొత్తం మీద హెలికాప్టర్‌తో కాల్షియం ఖనిజం చల్లి చూశారు. ఆ తర్వాతి సంవత్సరాల్లో అక్కడి షుగర్ మేపుల్స్ కోలుకున్నాయి, కొత్త మొలకలూ బలంగా వచ్చాయి.

మీకు హెలికాప్టర్ అక్కర్లేదు. ఆకుల్ని చెట్టు కిందే ఉంచండి. లాన్ మీద పడినవాటిని మోయర్‌తో రెండు మూడు సార్లు తొక్కిస్తే ముక్కలై గడ్డిలో కలిసిపోతాయి. కాలనీ సంఘం (హెచ్ఓఏ) వాళ్ళు శుభ్రంగా ఉండాలని పట్టుబడితే, ముందు వైపు ఊడ్చిన ఆకుల్ని ముక్కలు చేసి మల్చ్ వలయంలో పరవండి, చూడటానికి తీరుగానే ఉంటుంది. సున్నం మాత్రం ఊరికే చల్లొద్దు. రాష్ట్ర యూనివర్సిటీ ఎక్స్‌టెన్షన్ అనే వ్యవసాయ సలహా విభాగం వాళ్ళు తక్కువ రుసుముకి మట్టి పరీక్ష చేస్తారు. ఆ ఫలితంలో అవసరమని ఉంటేనే వేయండి.

చెట్టు కింద గడ్డి పెరగక బోసిగా ఉందని బాధపడేవాళ్ళు తవ్వి పూలమొక్కలు పెడతారు. తవ్వకుండా, చిన్న చిన్న ఫెర్న్‌లు, ట్రిలియం లాంటి అడవి మొక్కల్ని వేళ్ళ మధ్య సందుల్లో పెట్టండి. షుగర్ మేపుల్ వాటికి నీళ్ళు కూడా అందిస్తుంది, నిజంగానే. కరువు రోజుల్లో రాత్రిపూట లోపలి పొరల్లోని తడిని పైకి తెచ్చి, పై మట్టిలో వదులుతుంది. ఆ తడి పక్కనున్న మొక్కలూ తాగుతాయి. న్యూయార్క్ రాష్ట్రం ఇథాకా దగ్గర టాడ్ డాసన్ అనే శాస్త్రవేత్త దీన్ని కొలిచి 1993లో ప్రచురించాడు.

5. ఉప్పు: అన్నిటికంటే ముఖ్యమైన పని

ఈ వ్యాసంలో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి. మేపుల్ జాతిలో ఉప్పుకి తొందరగా దెబ్బతినేది షుగర్ మేపుల్. స్నో పడగానే డ్రైవ్‌వే మీద గుప్పిళ్ళతో చల్లే రాతి ఉప్పు కరిగి, పక్కకి జారి, వేళ్ళలోకి దిగుతుంది. సోడియం మట్టి గుల్లతనాన్ని పోగొట్టి గట్టి పరుస్తుంది, క్లోరైడ్ నీళ్ళతోపాటు ఆకుల్లోకి ఎక్కుతుంది. దాని ఫలితం చలికాలంలో కనపడదు. జులైలో ఆకుల అంచులు మాడినట్టు గోధుమరంగుకి తిరుగుతాయి, రోడ్డు వైపు కొమ్మలు ముందు ఎండుతాయి. అప్పటికి మనం ఉప్పు సంగతి మరిచిపోయి నీళ్ళు చాలలేదనుకుంటాం.

ఇలా చేయండి.

స్నో ఆగగానే, గట్టిపడక ముందే పారతో తీసేయండి. త్వరగా తీసినకొద్దీ ఉప్పు అవసరం తగ్గుతుంది. తీసిన స్నోని మేపుల్ మొదట్లో గుట్ట వేయకండి, గడ్డి వైపో వేరే పక్కకో నెట్టండి. ఉప్పు కలిసిన స్నో అయితే మరీ జాగ్రత్త.

ఉప్పు వేయక తప్పదంటే కొలిచి వేయండి. పెద్ద కాఫీ మగ్గు, అంటే 12 ఔన్సులు, 20 అడుగుల డ్రైవ్‌వేకి సరిపోతుంది. గింజకీ గింజకీ మధ్య ఎడం ఉండాలి. ఐస్ మీద తెల్లగా పేరుకుని కనిపిస్తోందంటే అవసరానికి మించి వేసినట్టే. ఈ కొలత పని మా ఇంట్లో పిల్లలదే, పెద్దవాళ్ళ కంటే వాళ్ళే ఖచ్చితంగా కొలుస్తారు.

నేల ఉష్ణోగ్రత 15 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే తగ్గితే మామూలు రాతి ఉప్పు దాదాపు పనిచేయదు. అలాంటి రోజు ఎంత చల్లినా దండగే, ఇసుక చల్లండి. కాలు జారకుండా ఉండటానికి అది చాలు. చెట్టుకి దగ్గరగా ఉన్న మెట్లకి, నడక దారికి కాల్షియం మెగ్నీషియం అసిటేట్ అనే, ఐస్ కరిగించే మందు దొరుకుతుంది. ఖరీదెక్కువే కానీ కొంచెం మేరకే వాడతాం కదా.

మంచు కరిగి, నేల నీళ్ళు పీల్చుకునే స్థితికి రాగానే, రోడ్డు వైపున్న వేళ్ళ మీద గొట్టంతో నెమ్మదిగా, బాగా నానేలా నీళ్ళు పెట్టండి. ఉప్పు నీళ్ళతో కిందికి దిగిపోతుంది. వసంతంలో వానలు తక్కువ పడిన ఏడు ఇది తప్పనిసరి.

మంచు తోసే ఊరి ప్లౌ బండి రోడ్డు మీద చల్లే ఉప్పు మన చేతిలో లేదు. కానీ చాలా ఊళ్ళలో చెట్ల బాగోగులు చూసే ట్రీ వార్డెనో, ట్రీ కమిటీయో ఉంటుంది. మన వీధిలో పాత మేపుల్స్ ఉన్నాయని, ఉప్పు తగ్గించే వీలుందా అని ఒక ఈమెయిల్ పెట్టండి. మనవాళ్ళు ఇలాంటి మీటింగులకి వెళ్ళడం తక్కువ. వెళ్ళి చూడండి, పదిమంది కూడా ఉండని ఆ గదుల్లో ఒక్క గొంతుకి చాలా విలువ ఉంటుంది.

6. ఫిబ్రవరి, మార్చి: తీపి నీళ్ళు

తాటిచెట్టు, ఈతచెట్టు గీసి నీరా దించి, కాచి బెల్లం వండే ప్రాంతం నుంచి వచ్చిన వాళ్ళకి మేపుల్ సిరప్ కొత్త విద్యేమీ కాదు. గీత కార్మికుడు చెట్టుని చంపడు, ఎంత గీయాలో ఎంత వదలాలో తెలిసి గీస్తాడు. ఇక్కడా సూత్రం అదే. ఈ విద్య యూరప్ వాళ్ళు రాకముందే అనిషినాబె, హోడెనొషోని, అబెనాకి అనే ఇక్కడి ఆదివాసీ జాతులకి తెలుసు. ఇప్పటికీ వాళ్ళు చేస్తున్నారు, ఆ సంగతి పిల్లలకి మొదటే చెప్పండి.

రాత్రి గడ్డకట్టే చలి, పగలు గడ్డకట్టే స్థాయికి పైన ఎండ. ఈ రెండూ ఒక రోజులో కలిస్తేనే రసం పారుతుంది. రాత్రి చలికి కొమ్మల్లో పీల్చుకునే ఒత్తిడి పుట్టి చెట్టు నీళ్ళు లాక్కుంటుంది. పగలు కరిగినప్పుడు ఒత్తిడి తిరగబడి, ఎక్కడ గాయం ఉంటే అక్కడినుంచి కారుతుంది. ఎర్ర ఉడుతలకి ఇది తెలుసు. కొమ్మని కొరికి వెళ్ళిపోతాయి, నీరు ఆరిపోయి తీపి మిగిలాక తిరిగొచ్చి నాకుతాయి. ఫిబ్రవరి ఎండలో కాసేపు ఓపిగ్గా నిలబడితే చూడొచ్చు.

రసం కోసం చెట్టుకి కన్నం పెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. చెట్టు మీదేనా? పార్కుల్లో, ఊరి చెట్లకి పెట్టకూడదు. ఆరోగ్యంగా ఉందా? పై కొమ్మలు ఎండుతుంటే ఆ ఏడు వదిలేయండి. సరిపడా లావుందా? వ్యాసం కనీసం 12 అంగుళాలు, అంటే చుట్టుకొలత 38 అంగుళాలు ఉంటే ఒకే ఒక్క కన్నం. చుట్టుకొలత 57 అంగుళాలు దాటితే రెండు, అంతకు మించి వద్దు. పిల్లలు ఎంత అడిగినా సన్న చెట్టు జోలికి వెళ్ళకండి.

చెట్టు సరేననుకుంటే, 5/16 అంగుళం డ్రిల్ బిట్‌ని శుభ్రం చేసి, నేల నుంచి మూడడుగుల ఎత్తులో, కొంచెం పైకి వాలుగా, అంగుళంన్నర లోతు కన్నం పెట్టండి. బయటికొచ్చే పొట్టుని అరచేతిలో పట్టి చూడండి. మీగడ రంగులో, తడిగా ఉంటే బతికున్న చెక్క. ముదురు గోధుమరంగులో వస్తే అక్కడ చెక్క చచ్చిపోయింది, రసం రాదు. స్పైల్ అనే గొట్టాన్ని కన్నంలో పెట్టి చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. తట్టే శబ్దం బరువెక్కగానే ఆపేయాలి, ఇంకా కొడితే చెక్క చీలుతుంది. ఆహారానికి పనికొచ్చే బకెట్ తగిలించి మూత పెట్టండి. గరాజ్ సేల్స్‌లో దొరికే పాత రేకు బకెట్లు వద్దు, వాటి అతుకుల్లో సీసం ఉండొచ్చు.

రసం నీళ్ళలాగే ఉంటుంది. నాలుక మీద వేసుకుంటే చివర్న తెలిసీ తెలియనట్టు ఒక తీపి. అందులో చక్కెర దాదాపు 2 శాతమే. అందుకే 40 లీటర్లు కాస్తే ఒక లీటరు సిరప్. ఒక కన్నానికి సీజన్ మొత్తం మీద సుమారు 10 గ్యాలన్లు వస్తే బాగా వచ్చినట్టు. రసాన్ని పాలు దాచినట్టే చల్లగా దాచి, వారంలోపు కాచేయాలి.

కాచడం ఇంట్లో వద్దు. అంత ఆవిరి వంటింట్లో వదిలితే గోడలు, కప్పు జిగురుకుంటాయి. బయట ప్రొపేన్ పొయ్యి మీద, నోరు వెడల్పైన గిన్నెలో కాచండి, పిల్లలు పొయ్యికి దూరంగా ఉండేలా ఒక పెద్దవాళ్ళు కూర్చోవాలి. పొంగు వస్తే ఒక్క చుక్క నెయ్యి వేయండి, చప్పున దిగుతుంది. నీరు మరిగే వేడి కంటే 7 డిగ్రీల ఫారెన్‌హీట్ పైకి చేరితే, అంటే సముద్ర మట్టం దగ్గర 219 డిగ్రీలకి, సిరప్ అయినట్టు. థర్మామీటర్ లేకపోయినా పాకం పట్టిన చేతులకి తెలిసిపోతుంది. తీగపాకం రాకముందే దించేయాలి, గరిటె నుంచి చుక్కలుగా కాకుండా పల్చటి తెరలా జారుతుంటే చాలు. తీగపాకం దాకా పోనిస్తే సీసాలో పలుకులు కడుతుంది. వేడి మీదే మందపాటి గుడ్డలో వడకట్టి గాజు సీసాలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టండి. ఉగాది నాటికి సీసా చేతికొస్తుంది. వేడి పెసరట్టు కంటే నెయ్యి దోశ మీదే బాగుంటుందని నా అభిప్రాయం.

మొగ్గలు ఉబ్బడం మొదలవగానే రసం రుచి చెడుతుంది. అప్పుడు స్పైల్ పీకేయండి. కన్నంలో మైనం, చెక్క ముక్క, సిమెంటు ఏదీ కూరొద్దు. చెట్టే రెండు మూడేళ్ళలో మూసుకుంటుంది. మరుసటి ఏడు అదే చోట కాకుండా కనీసం రెండంగుళాలు పక్కకి, ఆరంగుళాలకి పైగా ఎగువకో దిగువకో జరిపి పెట్టాలి.

ఇదంతా చేయలేమంటే ఏం ఫర్వాలేదు. మార్చి చివర్లో వెర్మాంట్, మెయిన్ రాష్ట్రాల్లో సిరప్ కాచే షుగర్‌హౌస్‌ల వాళ్ళు తలుపులు తెరిచి అందరినీ రమ్మంటారు. మెయిన్‌లో అది మార్చి నాలుగో ఆదివారం. క్యూబెక్ దగ్గరున్నవాళ్ళకి అక్కడి చక్కెర గుడిసెలున్నాయి, ప్రపంచంలో తయారయ్యే మేపుల్ సిరప్‌లో సింహభాగం ఆ రాష్ట్రానిదే. తాజా మంచు మీద వేడి పాకం పోసి ఇస్తారు, పిల్లలు జన్మలో మర్చిపోరు. అసలైన సిరప్ కొనడం కూడా ఆ అడవులు అడవులుగా నిలబడటానికి సాయమే.

7. ఆగస్టు: చెట్టు చుట్టూ ఒక రౌండు

ఆగస్టులోనే ఒక కొమ్మ ఎర్రబడితే ఫోటో తీసి, అప్పుడే ఫాల్ వచ్చేసిందని స్టేటస్ పెట్టేస్తాం. ఒక కొమ్మో ఒక పక్కో ముందుగా రంగు తిరగడం సంతోషించాల్సిన విషయం కాదు. వేళ్ళకి ఏదో ఇబ్బంది ఉందని చెట్టు చెప్పే మాట అది. ఆ కొమ్మ కిందికి వెళ్ళి మొదలు చూడండి: చుట్టేసిన వేరా, ఉప్పు పక్కా, కొత్తగా తవ్విన గుంతా? వానలు లేకపోతే వారానికోసారి, కొమ్మల నీడంత మేర, అర అడుగు లోతు తడిసేలా నీళ్ళు పెట్టండి.

అదే తిరుగుడులో మాను, పెద్ద కొమ్మలు పరీక్షగా చూడండి. ఏషియన్ లాంగ్‌హార్న్‌డ్ బీటిల్ అనే పురుగు మేపుల్స్‌ని లోపల్నుంచి తినేస్తుంది. 1996లో బ్రూక్లిన్‌లో అమెరికాలో మొదటిసారి కనిపించింది. 2008లో మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో బయటపడ్డాక ఆ ప్రాంతంలో 30 వేలకు పైగా చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. నిగనిగలాడే నల్లటి ఒళ్ళు, మీద తెల్లటి మచ్చలు, ఒంటి కంటే పొడుగైన మీసాలు, ఆ మీసాల మీద నలుపు తెలుపు పట్టెలు. అది బయటికొచ్చిన కన్నం అచ్చంగా గుండ్రంగా ఉంటుంది, పెన్సిల్ దూరుతుంది. కొమ్మల సందుల్లో రంపపు పొట్టులాంటిది రాలి ఉంటుంది. దీన్ని పోలిన స్థానిక పురుగు ఒకటుంది, దానికి రెండు రెక్కలు మొదలయ్యే చోట మధ్యలో ఒక తెల్లచుక్క ఉంటుంది, అది ఉంటే గాబరా పడక్కర్లేదు. అనుమానం ఉంటే పురుగుని గాజు సీసాలో పట్టి ఫ్రీజర్‌లో పెట్టి, ఫోటో తీసి రాష్ట్ర వ్యవసాయ శాఖకి తెలపండి. షికాగోలో 1998లో వచ్చిన ఈ పురుగుని 2008 నాటికి పూర్తిగా తుడిచేశారు. ముందుగా చూసి చెప్పినవాళ్ళుంటే అది సాధ్యమే.

క్యాంపింగ్‌కి ఇంటి దగ్గరి కట్టెలు కార్లో వేసుకెళ్ళకండి. ఎక్కడ మంట వేస్తారో అక్కడే కొనండి. ఈ పురుగులు దూర ప్రయాణం చేసేది ఆ కట్టెల్లోనే.

కొమ్మలు కొట్టించాల్సి వస్తే ఐఎస్ఏ (అంతర్జాతీయ ఆర్బరిస్టుల సంఘం) ధ్రువపత్రం ఉన్న ఆర్బరిస్ట్‌నే పిలవండి. పైభాగమంతా నరికేసి పొట్టి చేస్తామనేవాళ్ళని గేటు దగ్గర్నుంచే పంపించేయండి.

8. కొత్త చెట్టు: ఫ్రిజ్‌లో మొదలుపెట్టండి

సెప్టెంబర్, అక్టోబర్‌లలో షుగర్ మేపుల్ కింద జంట రెక్కల విత్తనాలు రాలతాయి. గుప్పెడు ఏరి, నొక్కితే లోపల గింజ తగిలేవి ఎంచండి, చాలావాటిల్లో ఒక రెక్క వట్టిదే ఉంటుంది. తడి ఇసుకలో కలిపి, జిప్ సంచిలో వేసి, తేదీ రాసి, ఫ్రిజ్‌లో బాగా చల్లగా ఉండే అరలో రెండు మూడు నెలలుంచండి. గడ్డకట్టే స్థాయికి ఒక డిగ్రీ సెల్సియస్ పైన కూడా మొలకెత్తగల విత్తనమిది. ఒక ఉదయం పాలప్యాకెట్ తీయబోతుంటే సంచిలో తెల్లటి మొలక కనిపిస్తుంది. చిన్న కుండీల్లో పెట్టి, మంచు భయం పోయాక నీడలో బయట ఉంచండి.

నేలలో నాటేటప్పుడు ఇంటికి కనీసం 30 అడుగులు, రోడ్డుకి, డ్రైవ్‌వేకి వీలైనంత దూరం. గుంత వెడల్పు వేళ్ళ ముద్దకి రెండు మూడు రెట్లు, లోతు మాత్రం ముద్దంతే. వేళ్ళు విచ్చుకునే చోటు నేలమట్టానికి పైనే కనిపించాలి. జింకలు కొరకకుండా, చలికాలంలో ఎలుకలు బెరడు తినకుండా చుట్టూ జాలీ కట్టండి. తొలి రెండు మూడేళ్ళు వేసవిలో వారం వారం నీళ్ళు పోయడం ఒకరి పేరు మీద పెట్టండి, అందరి పనీ అంటే ఎవరూ పోయరు.

డల్లాస్, హ్యూస్టన్ వాళ్ళకి మామూలు షుగర్ మేపుల్ నప్పదు, ఆ ఎండకి, ఆ మట్టికి తట్టుకోదు. డల్లాస్ వైపు వాళ్ళు ఓక్లహోమాలోని కాడో ప్రాంతం నుంచి వచ్చిన కాడో మేపుల్ రకం కోసం నర్సరీలో అడగండి, కరువుకి ఓర్చుకునే షుగర్ మేపుల్ అది. హైదరాబాద్‌కో విజయవాడకో విత్తనాలు పట్టుకెళ్ళాలన్న ఆలోచన మాత్రం వద్దు. ఇక్కడి చలికాలం లేనిదే దాని మొగ్గ సరిగ్గా విచ్చుకోదు, పైగా విత్తనాలు దేశం దాటించడానికి అనుమతులు కావాలి. ఊళ్ళో అమ్మమ్మ వాళ్ళ పెరట్లో పెట్టాలని పిల్లలు అడిగితే వేపో, కానుగో పెట్టించండి.